తెర చాలు, తెలివి వేరే కొనుక్కుంటాం

రేణిగుంట విమానాశ్రయానికి దగ్గరలో, ఏర్పేడు మండలంలో వికృతమాల అని ఒక ఊరుంది. ఆ చుట్టుపక్కల భూముల్లో కొన్నేళ్లుగా ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు లేస్తున్నాయి. డిక్సన్ టెక్నాలజీస్ అక్కడ టీవీలు తయారు చేస్తుంది. తన పేరుతో కాదు, ఆర్డరిచ్చిన కంపెనీల పేర్లతో. షావోమీ తన టీవీలను డిక్సన్ చేత తిరుపతిలోనే చేయిస్తానని 2018 అక్టోబరులో ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో టీసీఎల్ సంస్థ తెరల కర్మాగారానికి వికృతమాల దగ్గర శంకుస్థాపన జరిగింది. పెట్టుబడి 2,200 కోట్ల రూపాయలని అప్పుడు చెప్పారు. టీవీ కావాలంటే మద్రాసు వైపో బెంగళూరు వైపో చూసిన ఈ ప్రాంతం ఇప్పుడు దేశానికి టీవీలు పంపుతోంది. సంతోషించదగ్గ మాటే. అయితే టీవీలు పుట్టే ఈ తిరుపతిలోనే ఏ పెద్ద అంగడికి పోయి అడిగినా ఇంటర్నెట్ గొడవ లేని 43 అంగుళాల మామూలు టీవీ దొరకడం గగనం. 32 అంగుళాల లోపు అయితే చిన్న కంపెనీల సరుకు కొంత ఉంటుంది. ఆ పైన అంతా స్మార్టే. దేశం మొత్తం మీద కొత్తగా అమ్ముడవుతున్న టీవీల్లో పదింట తొమ్మిదికి పైగా ఇవే. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో మధ్యతరగతి ఇళ్లు పెద్ద తెర వైపు చూస్తున్నాయి. ఎంపిక అనేదే లేని చోటికి సరిగ్గా ఇప్పుడే జనం వచ్చి చేరుతున్నారు.

నేను కోరేది చాలా చిన్న విషయం. తెర ఒక వస్తువు, దాన్ని నడిపే కంప్యూటరు ఇంకొక వస్తువు. ఈ రెంటినీ విడివిడిగా కొనుక్కునే వీలు కొనేవాళ్లకు ఉండాలి. యూట్యూబూ ఓటీటీలూ వద్దని కాదు, అవి కావలసిన వాళ్లు ఒక చిన్న పెట్టెనో స్టిక్కునో తెచ్చి తగిలించుకుంటారు. వద్దనుకున్న రోజు తీసేస్తారు. తెరలోనే కంప్యూటర్ని కుదించి పెట్టి, రెండూ కలిపి కొంటేనే ఇస్తామనడం కొనేవాళ్ల మేలు కోసం జరుగుతున్న పని కాదని నా వాదన.

మొదట ఆయుష్షు సంగతి చూద్దాం. మంచి తెర పదేళ్లు నిలుస్తుంది. అందులోని సాఫ్ట్‌వేర్ అంతకాలం నిలవదు. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన పాత వ్యవస్థను ఆపేసినప్పుడు ప్రపంచమంతటా పాత స్మార్ట్ టీవీల్లో ఆ యాప్ మూగబోయింది. 2019 డిసెంబరులో 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. ఆ టీవీల బొమ్మకు ఏమీ కాలేదు, రంగులు వెలవలేదు. లోపలి తెలివి మాత్రం ముసలిదైపోయింది. దానిని మార్చుకునే దారి లేదు కాబట్టి జనం మొత్తం టీవీనే మార్చారు. మోటారు కాలిపోయిందని బావి పూడ్చుకునే రైతు మన సీమలో ఎక్కడా ఉండడు. టీవీల విషయంలో మాత్రం మనచేత ఆ పనే చేయిస్తున్నారు.

తెరా తెలివీ వేరు చేయరాని జంట అని కంపెనీలు చెబితే నమ్మనక్కర్లేదు. ఏ ఊళ్లోనైనా టీవీ మెకానిక్ బల్ల దగ్గర నిలబడితే ఆ మాటకు జవాబు దొరుకుతుంది. స్మార్ట్ టీవీ మదర్‌బోర్డు పోయి, ఆ కంపెనీ బోర్డు దొరక్కపోతే, లేదా దాని ధర కొత్త టీవీ ధరలో సగానికి పోతే, మెకానిక్ యూనివర్సల్ బోర్డు వేస్తాడు. వీ 56, వీ 59 లాంటి పేర్లతో అవి మార్కెట్లో దొరుకుతాయి. వెనక మూత విప్పి, పాత బోర్డు తీసి, తెరకు పోయే సన్నటి పట్టీ వైరు కొత్త బోర్డుకు తగిలించి, ఆ తెరకు సరిపోయే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కిస్తాడు. కొత్త రిమోట్ ఒకటి చేతికిస్తాడు. హెచ్‌డీఎంఐ పనిచేస్తుంది, యూఎస్‌బీ పనిచేస్తుంది, కేబుల్ బాక్సు పనిచేస్తుంది. హెచ్‌డీ, ఫుల్ హెచ్‌డీ తెరలకు ఇది ఏళ్ల తరబడి జరుగుతున్న పని. స్మార్ట్ అయి పుట్టిన టీవీ మామూలు టీవీగా మారి ఇంకో నాలుగేళ్లు బతుకుతుంది. రిపేరు బల్ల మీద సాధ్యమైన విభజన కర్మాగారంలో ఎందుకు సాధ్యం కాదు?

ఎందుకంటే తెర లోపల కూర్చున్న కంప్యూటరు మనకోసం మాత్రమే పనిచేయడం లేదు. ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్ అని ఒక పద్ధతి ఉంది. తెర మీద వస్తున్న బొమ్మలోంచి, ధ్వనిలోంచి టీవీ చిన్న చిన్న ఆనవాళ్లు తీసి కంపెనీ సర్వరుకు పంపుతుంది. అక్కడ వాటిని పెద్ద జాబితాతో పోల్చి ఈ ఇంట్లో ఇప్పుడు ఫలానా కార్యక్రమం నడుస్తోందని గుర్తిస్తారు. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, స్పెయిన్‌లోని మాడ్రిడ్ మూడో కార్లోస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించారు. ఎల్‌జీ టీవీ 15 సెకన్లకోసారి, సామ్‌సంగ్ టీవీ నిమిషానికోసారి సర్వరుతో మాట్లాడుతున్నట్లు తేలింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి తేలింది. టీవీని హెచ్‌డీఎంఐ ద్వారా ఉత్త తెరగా వాడుకుంటున్నప్పుడు కూడా ఈ గుర్తింపు ఆగలేదు. అంటే కేబుల్ బాక్సులో ఎస్వీబీసీ భక్తి చానల్ వచ్చినా, ల్యాప్‌టాప్ తగిలించి పెళ్లి వీడియో వేసుకున్నా, టీవీ నెట్‌కు కలిసి ఉంటే ఆ ఆనవాళ్లు తీసే పని లోపల సాగుతూ ఉండొచ్చు. సెట్టింగుల్లోకి పోయి ఆ సదుపాయాన్ని ఆపేస్తే రాకపోకలు ఆగాయని కూడా వాళ్లే చెప్పారు. ఆ పరీక్షలు బ్రిటన్‌లో, అమెరికాలో జరిగాయి, మన దేశంలో కాదు. కానీ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అది చాలు. ఆపే మీట ఎక్కడుందో మనలో ఎంతమందికి తెలుసు? ఒకదాంట్లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’ అని, ఇంకోదాంట్లో ‘లైవ్ ప్లస్’ అని ఉంటుంది. ఆ పేర్లు చదివి, ఇది నన్ను గమనించే పని అని ఎవరైనా అనుకోగలరా?

ఇది ఊహ కాదనడానికి అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ కథ చాలు. కోటీ పది లక్షల టీవీల నుంచి క్షణక్షణం చూపుల లెక్క సేకరించి, దానికి ఇంటివాళ్ల వయసు, ఆదాయం, చదువు లాంటి వివరాలు జోడించేలా ఇతరులకు అమ్మిందన్న అభియోగం మీద 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, న్యూజెర్సీ రాష్ట్రానికి 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అంతటితో ఆ వ్యాపారం తగ్గలేదు, పెరిగింది. 2021 మూడో త్రైమాసికంలో విజియోకు టీవీలు అమ్మితే వచ్చిన స్థూల లాభం కన్నా ప్రకటనలు, చూపుల సమాచారం మీద వచ్చిన లాభం రెండింతలు దాటింది. 2024 చివర్లో వాల్‌మార్ట్ ఆ కంపెనీని సుమారు 230 కోట్ల డాలర్లకు కొనేసింది. సరుకులమ్మే సంస్థ టీవీ కంపెనీని కొనడంలోనే అసలు సంగతి ఉంది. తెర మీద ఏం చూస్తున్నామో తెలిస్తే బుట్టలో ఏం వేయించాలో తెలుస్తుంది. టీవీ అమ్మడం బేరానికి మొదలు మాత్రమే. మామూలు టీవీ అమ్మితే ఆ తర్వాత రాబడి ఉండదు. మార్కెట్లోంచి అది కనుమరుగు కావడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

మన సరిహద్దు అవతలే పోలికకు ఒక ఉదాహరణ ఉంది. నగరి దాటితే తమిళనాడు. అక్కడ 2006 నుంచి డీఎంకే ప్రభుత్వం 14 అంగుళాల కలర్ టీవీలను పేద కుటుంబాలకు ఉచితంగా పంచింది. ఆ పథకం వెనక ఏ రాజకీయం ఉందో, ఎవరికి ఓట్లు రాలాయో ఇక్కడ అప్రస్తుతం. ఆ టీవీ ఇంట్లోకి వచ్చాక ఇచ్చినవాళ్లకు దాంతో సంబంధం తెగిపోయింది. ఇంటాయన వార్తలు చూశాడో, ఇంటామె సీరియల్ చూసిందో, పిల్లలు ఏ సినిమాకు అతుక్కుపోయారో ప్రభుత్వానికి చేరవేసే దారి ఆ గాజు గొట్టంలో లేదు. పైసా తీసుకోకుండా ఇచ్చిన టీవీ అలా ఉంటే, వాయిదాల మీద వాయిదాలు కట్టి కొన్న టీవీ మనల్ని గమనించి వార్త పంపుతోంది.

‘తక్కువ ధరకు వస్తోంది కదా, ఆ తేడా ప్రకటనలే భరిస్తున్నాయి కదా’ అనేవాళ్లున్నారు. నిజమే, ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. పది పన్నెండు వేలకు పెద్ద తెర ఇంటికి రావడం మామూలు కుటుంబానికి చిన్న సంగతి కాదు. కానీ ఏ బేరంలోనైనా రెండు వైపులా లెక్క తెలియాలి. ప్రకటనలతో ఇంత, ప్రకటనలు లేకుండా ఇంత అని రెండు ధరలు అంగట్లో పక్కపక్కన పెడితే ఎవరి ఇష్టం వాళ్లది. రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి మామూలుదే కొంటానన్నవాడికి సరుకే లేకుండా చేసి, ఇది జనం ఎంపిక అనడం సరికాదు. పైగా తగ్గిన ధరకు రెండో కొస కూడా ఉంది. నాలుగైదేళ్లకు యాప్‌లు నత్తనడక పడితే మళ్లీ కొత్త టీవీ కొనాలి. ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది?

‘ఫోను ఎప్పుడో అన్నీ చెప్పేసింది, ఇక టీవీ దగ్గర దాచేదేముంది’ అనే మాట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. ఫోను ఒకరి చేతిలోది. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కినవాళ్లే దాని మంచిచెడ్డలు పడతారు. టీవీ హాల్లో ఉంటుంది. కొత్త టీవీ పెట్టిన రోజు జరిగేది గమనించండి. గోడకు బిగించడానికి వచ్చిన కుర్రాడు చేతిలో రిమోట్ పట్టుకుని ‘వైఫై పాస్‌వర్డ్ చెప్పండి సార్’ అంటాడు. తెర మీద ఒక పొడుగాటి ఇంగ్లిషు పేజీ వస్తుంది. అతను చదవడు, మనమూ చదవం. కింద వరసగా ఉన్న గళ్లన్నీ టిక్కు పెట్టి ముందుకు పోతాడు. ఆ ఒక్క నొక్కుతో నాయనమ్మ తరఫున, పదేళ్ల పాప తరఫున, సంక్రాంతికి వచ్చే చుట్టాల తరఫున సమ్మతి అయిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. ఆ అభ్యర్థనను ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలివ్వాలంటుంది. తెలుగు అందులో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద నిఘా పెట్టి, వాళ్లను గురిచూసి ప్రకటనలు వేయకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు ఏడాదిన్నర గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. ఇంటిల్లిపాదీ చూసే తెర ఎదుట ఎవరు పెద్దో ఎవరు చిన్నో టీవీకి తెలియదు. తెలుసుకోవాలంటే ఇంకా ఎక్కువ నిఘా పెట్టాలి. ఈ చిక్కుకు సులువైన పరిష్కారం ఒకటే, అసలు చూడని తెర.

పెద్దవాళ్లకు సౌకర్యం అన్న వాదనను నేను గౌరవిస్తాను. మాట చెబితే పాట వచ్చే రిమోట్, అక్షరాలు వెతుక్కోలేని ముసలి చేతులకు మేలే చేసింది. కానీ సౌకర్యం అంటే ఏమిటో తిరుపతికి బాగా తెలుసు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లలో అరచేతిలో ఇమిడే మంత్రాల పెట్టెలు అమ్ముతారు. ప్లగ్గులో పెడితే గోవింద నామాలు మొదలవుతాయి, తీస్తే ఆగుతాయి. పాస్‌వర్డు అడగదు, అప్‌డేట్ అడగదు. 2017లో సరిగమ కంపెనీ పాత రేడియో ఆకారంలో, 5,000 పాటలు ముందే నింపి కారవాన్ అనే పెట్టె తెచ్చినప్పుడు అది పెద్దల కోసం పిల్లలు కొనిచ్చే కానుకగా మారింది. మామూలు వస్తువులు ఎవరికీ వద్దు అనే మాటకు జవాబుగా ఇవి చాలు. 2008 జులైలో మొదలైన ఎస్వీబీసీ కేబుల్లోనూ డీటీహెచ్‌లోనూ ఒక నంబరు నొక్కితే వస్తుంది. స్వామివారి కల్యాణం చూడాలనుకునే పెద్దావిడ అదే పని స్మార్ట్ టీవీలో చేయాలంటే ముందు ప్రకటనలతో నిండిన ముఖపేజీ దాటాలి, తర్వాత యాప్ తెరవాలి, ఆ తర్వాత వెతకాలి. రిమోట్ మీద ఓటీటీ కంపెనీల పేర్లతో నాలుగు మీటలుంటాయి. పొరపాటున వేలు తగిలితే ఎక్కడికో పోతుంది. వెనక్కి రావడానికి మనవడు బడి నుంచి రావాలి.

‘పక్కన పెట్టుకునే పెట్టె కూడా గమనిస్తుంది కదా’ అనే అభ్యంతరం ఒకటుంది. ఇందులో పస ఉంది. గూగుల్ పెట్టె అయినా అమెజాన్ స్టిక్ అయినా తన ద్వారా చూసినదాన్ని లెక్క పెట్టుకుంటుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన మన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల ప్యాకేజీతో ఇళ్లకు చేర్చిన ఐపీటీవీ పెట్టె కూడా చానళ్లను ఇంటర్నెట్ తీగ మీదే తెస్తుంది. అయితే ఇలాంటి ఏ పెట్టెకైనా తన గుండా పోయేదే తెలుస్తుంది. తీసి పక్కన పెడితే దానికి ఏమీ తెలియదు. పాడైతే పెట్టె ఒక్కటే మారుతుంది, టీవీ ఉన్నచోటే ఉంటుంది. తెర వెనక కూర్చున్న కంప్యూటరుకు మాత్రం ఏ తీగలోంచి ఏది వచ్చినా కనిపిస్తుంది. నాకు కావలసిందల్లా తీసివేయగలిగే హక్కు.

కంపెనీలకే పూర్తి స్వేచ్ఛ లేదన్నది చాలామందికి తెలియని సంగతి. ఆండ్రాయిడ్ టీవీ ఒప్పందాల్లో గూగుల్ ప్లే స్టోర్‌తో పాటు మిగతావన్నీ కలిపి తీసుకోవాలన్న షరతుల మీద కాంపిటిషన్ కమిషన్ 2021 జూన్‌లో విచారణకు ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలతో పరిష్కారానికి ఒప్పుకుంది. మన దేశంలో ప్లే స్టోర్‌ను మిగతా మూటతో ముడిపెట్టకుండా, రుసుము తీసుకుని విడిగా ఇవ్వడానికి అంగీకరించింది. ఆ పై అంచెలో మూట విప్పడం సాధ్యమైంది. అదే న్యాయం కిందికి, అంగట్లో నిలబడిన మనిషి దాకా రావాలి.

ఇప్పటికిప్పుడు చేయగలిగిన పనులు లేకపోలేదు. గూగుల్ టీవీ ఉన్న సెట్లలో మొదటి రోజు ‘బేసిక్ టీవీ’ అనే ఎంపిక ఉంటుంది. అది తీసుకుంటే నెట్ లేకుండా, ఖాతా లేకుండా చానళ్లూ హెచ్‌డీఎంఐ మాత్రమే పనిచేస్తాయి. మిగతా టీవీలకు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఊరుకోవడమే మేలైన మందు. నెట్ లేని టీవీ ఏ ఆనవాళ్లు తీసినా బయటికి పంపలేదు. యూట్యూబ్ కావాలంటే స్టిక్ తగిలించుకోండి. ఒక్కరే చూసే గదికి కంప్యూటర్ మానిటర్, చిన్న స్పీకర్లు చాలు. ఇవన్నీ తెలిసినవాళ్లు చేసుకునే ఉపాయాలు. తెలియనివాళ్లను కాపాడాల్సింది సరుకు చేసే పద్ధతి.

ఆ పద్ధతికి ప్రభుత్వం వైపు నుంచి సగం దారి పడే ఉంది. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం చేసిన టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉంటుంది. డిష్ తీగ నేరుగా తగిలిస్తే సెట్‌టాప్ బాక్సు లేకుండా దూరదర్శన్ ఫ్రీ డిష్ చానళ్లు వస్తాయి. నెలచందా లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. అలాంటి ట్యూనరు, మంచి 43 అంగుళాల తెర, మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలు, పది మీటల రిమోట్, తెలుగులో మెనూ ఉంటే చాలు. ఆర్డరిస్తే ఏ కంపెనీ పేరుతోనైనా చేసిపెట్టే కర్మాగారం వికృతమాలలో ఉంది, పనిచేసే చేతులు ఏర్పేడు, శ్రీకాళహస్తి, పుత్తూరు పల్లెల్లో ఉన్నాయి. కొరతల్లా ఆర్డరిచ్చేవాళ్లదే. రాష్ట్ర ప్రభుత్వం బడులకు, ఆసుపత్రులకు, బస్టాండ్లకు టీవీలు కొనేటప్పుడు ఇంటర్నెట్ లేని తెరలే కావాలని టెండరులో ఒక్క వాక్యం రాస్తే మొదటి ఆర్డరు అక్కడి నుంచే రావచ్చు. రాయలసీమ శాసనసభ్యులు ఆ వాక్యం కోసం అడగాలి. మీరు కూడా ఈసారి టీవీ కొనేటప్పుడు అంగట్లో ఒక ప్రశ్న వేయండి: నెట్ ఇవ్వకపోతే ఇది పూర్తిగా పనిచేస్తుందా? చేస్తుందంటే, డబ్బు కట్టకముందే అక్కడే ప్లగ్గు పెట్టి, వైఫై లేకుండా నడిపి చూపించమనండి.